బోడగుట్ట మీద తాలీం

తాలీం అన్న మాట చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీరిప్పుడు దాన్ని శిక్షణ అంటున్నారు. మొన్నొక ఆదివారం పట్నం నుంచి కొందరు పడుచువాళ్ళు రంగురంగుల తాళ్ళు భుజాన వేసుకుని మా ఊరి పక్క గుట్టకు వచ్చారు. బండలెక్కడం నేర్చుకుంటున్నారట. వాళ్ళను నడిపించే ఆయన చేతిలో గడియారం పట్టుకుని "ఇంకా తొందరగా, ఇంకా తొందరగా" అని కేకలు వేస్తుంటే నేను కర్ర పొడుచుకుంటూ వెళ్ళి ఆయనతో గొడవ పెట్టుకున్నాను. ముసలాయనకు మతి చలించిందని అనుకుని ఉంటారు. వాళ్ళలో ఒక అమ్మాయి మాత్రం నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "తాతా, మీకెందుకంత కోపం?" అని అడిగింది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నిజాం రాజ్యం. బయట పెద్ద యుద్ధం నడుస్తోందని వినేవాళ్ళం. మాకు తెలిసిందల్లా కిరసనాయిలు దొరకకపోవడం, లెవీ ధాన్యం కోసం సర్కారు మనుషులు ఇళ్ళ మీద పడడం. మాది కట్టంగూర్ దగ్గర ఒక పల్లె. సెంటు భూమి లేని ఇల్లు. మా బాపు నన్ను మిషను బడిలో వేశాడు. ఆ తర్వాత సర్కారు బడిలో మూడేళ్ళు. అందువల్ల నాకు తెలుగుతో పాటు ఉర్దూ కూడా చదవడం, రాయడం వచ్చింది. ఆ చదువు చూపించి సర్వే కచేరీలో ఖలాసీగా చేరాను. ఖలాసీ అంటే పెద్ద పదవేమీ కాదు. కొలత గొలుసు మోసేవాడు, జెండాలు పాతేవాడు, సాబులకు డేరా వేసేవాడు.

అయితే మా జిల్లాల్లో జెండా పాతడం అంటే మాటలు కాదు. భూమి కొలవాలంటే గుట్టల కొనల మీద వెదురు బొంగు నిలబెట్టి తెల్లజెండా కట్టాలి. మరో గుట్ట మీద నుంచి దుర్భిణిలో దాన్ని చూసి లెక్కలు కడతారు. నల్గొండ, పాలమూరు గుట్టలు మీకు తెలుసు కదా, మట్టి ఉండదు, చెట్టూ ఉండదు. ఊరంత రాయి ఒకటే ముక్కగా నున్నగా లేచి ఉంటుంది. ముందు ఒకడు నడుముకు మోకు కట్టుకుని ఉత్త చేతులతో పైకి పోవాలి. పోయి ఆ మోకును పైన ఏదో ఒక గుండుకు బిగించాలి. అప్పుడు మిగతావాళ్ళం దాన్ని పట్టుకుని ఎక్కి, బొంగులూ సున్నమూ లాక్కునేవాళ్ళం. ముందు పోయేవాడికి ఏ ఆసరా ఉండదు. అతను పడితే మోకు కూడా అతనితో పడుతుంది. అంతే.

మా జట్టులో పన్నెండు మందిమి. మా జమేదారు, అంటే జట్టుకు పెద్ద, దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసల్మాను. చాచా అనేవాళ్ళం. కొలతల పనిలో చేరకముందు ఆయన బతుకుతెరువు పాత కోటగోడల్లో మొలిచిన మొక్కలను నరకడం. ఒక చేతి వేళ్ళతో గోడకు వేలాడుతూ రెండో చేత్తో కొడవలి ఆడించేవాడట. యాభై దాటినా బల్లిలా పాకేవాడు. మాకు నేర్పింది ఆయనే. ఎవరూ నేర్పమని చెప్పలేదు. మేము పడి చస్తామేమోనని నేర్పాడు.

ముందు పోయేవాడు ఎక్కువగా నా జోడీ. వడ్డెర మనిషి, నా ఈడువాడే. కులాలు వేరైనా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. వాళ్ళ నాయినా, తాతా అందరూ ఊరి దొర దగ్గర వెట్టికి రాళ్ళు కొట్టినవాళ్ళే. పొద్దున లేస్తే దొర బండ దగ్గర ఉండాలి, పొద్దు గూకితే ఇంటికి రావాలి. ఖలాసీ పని దొరికాక సర్కారు మనిషని దొర మనుషులు అతని జోలికి రావడం మానేశారు. "గీ పని పోతే మల్ల గా బండకే పోవాలె బావా" అని ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. రాయి అంటే పుట్టుకతో తెలిసినవాడు. ఏ పగులులో వేలు పడుతుందో, ఏ అంచు ఊడిపోతుందో చూపుతోనే చెప్పేవాడు.

చాచా నేర్పే తీరు వేరు. మమ్మల్ని ఎత్తుకు పంపేవాడు కాదు. గుట్ట అడుగున మనిషెత్తు దాటకుండా, బండ వెంట పక్కకు పక్కకు పాకించేవాడు. నోట్లో ఒక తంగేడు ఆకు పెట్టుకోమనేవాడు. దిగాక ఆ ఆకు తీసి చూసేవాడు. దాని మీద పంటిగాట్లు ఉంటే, "భయపడ్డవు బేటా, ఊపిరి బిగబట్టినవు, మల్ల పో" అనేవాడు. గాట్లు లేకుండా ఆకు బయటికి వచ్చేదాకా పై బండకు పోనిచ్చేవాడు కాదు. నాకు ఆ ఆకు దాటడానికి నెల పట్టింది.

"చేతులతోని ఎక్కకు. కాళ్ళతోని ఎక్కు. చేతులు ఊకె పట్టుకునేటందుకే" అనేవాడు. ఎంత ఎక్కితే అంత దిగించేవాడు కూడా. వచ్చిన దారినే, ముఖం రాయి వైపు పెట్టి, అడుగు చూసుకుంటూ దిగాలి. ఒక దినం ఎక్కితే మరుసటి దినం వేళ్ళకు పని చెప్పనిచ్చేవాడు కాదు. "కండ నెలల పెరుగుతది. ఏలిల ఉన్న నరం ఏడాదికి గని గట్టిపడదు. కండను చూసి నరాన్ని నమ్మొద్దు" అని రోజూ చెప్పిందే చెప్పేవాడు. మాకు విసుగొచ్చేది. ముసలాయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం కూడా.

ఇంతలో కొత్త సాబు వచ్చాడు. ఇంగ్లండు సీమకు పోయి చదువుకుని వచ్చినవాడు. చొక్కా జేబులో గొలుసు గడియారం, చంకలో దేహదారుఢ్యం గురించిన ఏదో పుస్తకం. మా డేరాలు అప్పుడు మర్రిగూడ వైపు ఉన్నాయి. ఆ ఊళ్ళ నీళ్ళలో ఏదో ఉందని అక్కడివాళ్ళకు తెలుసు. నలభై దాటితే నడుములు వంగిపోయేవి, పిల్లల పళ్ళు గోధుమరంగు తిరిగేవి. సాబుకు నీళ్ళు దూరపు బావి నుంచి బండి మీద వచ్చేవి. మాకు ఆ ఊరి బావే. ఇది చెప్పడం నేను పక్కదారి పట్టడం కాదు. ఆయనకు మా ఒంటి మీద ఎంత పట్టింపు ఉండేదో మీకు తెలియాలని చెబుతున్నాను.

డేరాలకు ఎదురుగా ఒక గుట్ట. ఊరివాళ్ళు బోడగుట్ట అంటారు. వెనక నుంచి చుట్టి పోతే సగం పూట. ముందు వైపు నిలువు బండ మీదుగా ఎక్కగలిగితే చిటికెలో పని. సాబుకు ఆ నిలువు బండ మీద కన్నుపడింది. రెండు నెలల్లో పట్నం నుంచి పెద్ద సాబు తనిఖీకి వస్తున్నాడు. ఆయన కళ్ళ ముందు తన ఖలాసీలు ఆ బండను కోతుల్లా ఎక్కి జెండా పాతాలి. తనకు పేరు రావాలి. మాతో ఉర్దూలో అన్నాడు, నేను తెలుగులో చెబుతున్నాను: "మీరు అడవి మనుషుల్లా ఎక్కుతున్నారు. నేను మీకు శాస్త్రప్రకారం తాలీం ఇస్తాను."

శాస్త్రం మరునాడే మొదలైంది. తెల్లారకముందే దండీలు, బైఠకీలు అనే కసరత్తులు. వీపున ఇసుక సంచి వేసుకుని గుట్ట అడుగు చుట్టూ పరుగు. ఆ తర్వాత పాత ముసాఫిర్‌ఖానా సత్రపు దూలానికి వేళ్ళతో వేలాడడం. చాచా కూడా వేలాడదీసేవాడు, కానీ పది ఊపిరులు తీసుకోగానే దిగమనేవాడు. సాబు మాత్రం నడుముకు రాళ్ళు కట్టించి, ఎవడి చేతులు ముందు జారతాయో చూసేవాడు. గుట్ట ఎక్కిన ప్రతిసారీ గడియారం చూసి, వంట డేరా ముందు నిలబెట్టిన నల్ల పలక మీద మా పేర్లు వరుసగా రాయించేవాడు. పైన ఉన్న నలుగురికి పాలు, గుడ్లు. మిగతావాళ్ళకు జొన్నరొట్టె, పచ్చిపులుసు. పన్నెండు మంది ఒకే పొయ్యి దగ్గర తినేవాళ్ళం. వారం తిరిగేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నాం. వెనకాల ఆయనకు గడియారం సాబు అని పేరు పెట్టుకున్నాం. ఎదురుగా మాత్రం అందరం గుడ్ల కోసం పోటీ పడ్డాం.

అబద్ధం చెప్పను, మొదట్లో తాలీం పనిచేసింది. నా భుజాలు గట్టిపడ్డాయి. అంతకుముందు రొప్పుతూ ఎక్కిన బండ మాట్లాడుతూ ఎక్కగలిగాను. పలక మీద నా పేరు రెండో వరుసకు వచ్చింది. మొదటి వరుస నా జోడీది. వారం వారం ఆ పేర్లు చూసుకుని మురిసిపోయాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, గుడ్డు తింటున్నవాణ్ణి, ఇంకేం కావాలి?

దిగడం మాత్రం ఎవరూ చేయడం లేదు. గడియారం ఎక్కడానికే తిరుగుతుంది. పైకి పోయాక గుట్ట వెనక దారిన నడిచి వచ్చేవాళ్ళం. విశ్రాంతి రోజు అన్నది ఎగిరిపోయింది. చాచా రెండుసార్లు సాబుకు చెప్పి చూశాడు. రెండుసార్లూ సాబు వినిపించుకోలేదు.

తాలీం మొదలై నెల దాటాక, ఒకరోజు వేలాడే పోటీలో నేనూ నా జోడీ ఇద్దరమే మిగిలాం. ఇద్దరి నడుములకూ రాళ్ళు. చుట్టూ అందరూ అరుస్తున్నారు. అతని చేతి నుంచి చిన్న శబ్దం వచ్చింది, ఎండుపుల్ల విరిగినట్టు. దూలం వదిలి కింద పడి కుడిచేతి ఉంగరపు వేలు పట్టుకుని కూర్చున్నాడు. నేను గెలిచాను. ఆ క్షణంలో నేను ముందుగా సంతోషపడ్డాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

సాయంత్రానికి వేలు దోసకాయంత అయింది. చాచా తడిగుడ్డ చుట్టి కట్టుకట్టాడు. "నరం తెగబోయింది. నెల దినాలు దీన్ని రాయికి ఆనియ్యొద్దు. ఆనిస్తే ఇగ జిందగీల పట్టు రాదు" అన్నాడు. మేము ముగ్గురం సాబు దగ్గరికి వెళ్ళాం. సాబు ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ వంచాడు. నా జోడీ పళ్ళు బిగబట్టాడు.

"ఎముక విరగలేదు. బద్ధకం" అన్నాడు సాబు.

"బద్ధకం గాదు సాబ్" అన్నాడు చాచా. "పోరగాండ్లను గీ తీరు ఉరికిస్తే ఒకడు పడతడు. గడియారం పక్కకు పెట్టుండ్రి. నేను నేర్పుత. పెద్ద సాబు వచ్చేటాళ్ళకు మంచిగ ఎక్కుతరు, జర నిదానంగ ఎక్కుతరు, గంతే."

"నువ్వు ఏ పుస్తకం చదివావు?"

"ఏం చదవలే సాబ్. నలభై ఏండ్ల సంది ఎక్కుతున్న. ఒక్కపారి గుడ పడలే."

సాబు ముఖం ఎర్రబడింది. మరునాడే చాచాను కల్వకుర్తి డేరాకు పంపించాడు, సామాను బండ్లకు ఎత్తే పనికి. ఆయన జాగాలో నన్ను జమేదారును చేశాడు. చదవడం, రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా. తలపాగాకు పెట్టుకోవడానికి ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చాడు. చాచా మూట కట్టుకుంటుంటే పక్కన నిలబడ్డాను. ఆయన నా బిళ్ళ వంక చూశాడు.

"మంచిగైంది బేటా. ఇన్నొద్దులు ఆపెటోణ్ణి నేనుంటి. ఇగ ఆపెటోనివి నువ్వే" అని చెప్పి బండి వెనక నడిచిపోయాడు.

నేను ఏమీ ఆపలేదు. నా జోడీ వారం రోజులు ఎక్కలేదు. పలక మీద అతని పేరు కిందికి జారింది. పాలు పోయాయి. ఇంకో వారం గడిస్తే ఇంటికి పంపుతానని సాబు అన్నాడు. ఎనిమిదో రోజు అతను వేలికి గుడ్డ చుట్టుకుని మూడు వేళ్ళతోనే ఎక్కాడు. మళ్ళీ మొదటి వరుసకు వచ్చాడు. "నొస్తలేదా బావా?" అని అడిగాను. "నొస్తాంది. ఇంటికాడ దొర బండ కూడ నొస్తది" అన్నాడు.

పెద్ద సాబు వచ్చే రోజు రానే వచ్చింది. కచేరీ లెక్కన ఖుర్దాద్ నెల, మనకు చైత్రం. చల్లటి పూటే ఎక్కాలన్నది మా అనుకోలు. పొద్దు పొడవకముందే వరుసలో నిలబెట్టారు. పెద్ద సాబు మోటారు రాలేదు. ఊరికే నిలబెట్టడం ఎందుకని సాబు దండీలు తీయించాడు. మోటారు వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికి ఎక్కుతోంది. వచ్చినవాళ్ళు ఛాయ్ తాగారు, పొగడ్తలు ఇచ్చిపుచ్చుకున్నారు, మళ్ళీ మా చేత దండీలు తీయించి చూశారు. అప్పటికి బండ పెనంలా కాలుతోంది. అరచేయి ఆనిస్తే చెమటకు జారుతోంది.

నా జోడీ మోకు నడుముకు కట్టుకుంటున్నాడు. వేలి గుడ్డ తీసేశాడు, పెద్ద సాబు చూస్తే బాగుండదని మన సాబు చెప్పాడట. ఆ వేలు ఇంకా నల్లగా ఉబ్బే ఉంది.

నేను సాబు దగ్గరికి వెళ్ళాను. "సాబ్, ఎండ బాగా ఎక్కింది. వాని ఏలు ఇంకా తగ్గలే. నేను ముందు పోత" అనడానికి వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది మాత్రం మొదటి రెండు మాటలే: "సాబ్, ఎండ..."

"పలక మీద పైన ఎవరి పేరుంది?" అన్నాడు సాబు, పెద్ద సాబుకు వినబడకుండా, నవ్వుముఖంతోనే.

చెప్పాను.

"మరి?"

నేను తిరిగి వచ్చేశాను. నా జోడీ నా ముఖం వంక చూశాడు. నేనేదో చెబుతానని ఒక్క క్షణం ఆగాడు. నేను మోకు చుట్టలు విప్పుతున్నట్టు తల వంచుకున్నాను. అతను బండకు చేయి ఆనించాడు.

ఆ ఎక్కడం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మొదటి సగం అందంగా ఎక్కాడు. పెద్ద సాబు "షాబాష్" అనడం వినబడింది. నేను అతని వెనక కొంత ఎత్తుకు ఎక్కి, మోకు చిక్కు పడకుండా వదులుతున్నాను. పైన బండ కొంచెం ముందుకు పొడుచుకు వచ్చిన చోట ఒక పగులు ఉంటుంది. అక్కడ కుడిచేతి వేళ్ళ మీదే ఒళ్ళంతా మోయాలి. అక్కడ ఆగిపోయాడు.

"బావా, పట్టు వస్తలేదు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"దిగు! వచ్చిన తొవ్వనే దిగు!" అని అరిచాను.

కాలు కిందికి చాపి వెతికాడు. రెండు నెలలుగా ఎవరమూ దిగలేదు. ఆ బండ మీద దిగే అడుగు ఎక్కడుందో మా ఎవరికీ తెలియదు. కింద నుంచి గడియారం సాబు "ఆగొద్దు, పో పో" అని కేకలు వేస్తున్నాడు. అతని పాదం రాయిని తడుముతూనే ఉంది. వేళ్ళు విడిపోయాయి.

నా పక్క నుంచే జారాడు. చేయి చాపాను, అందలేదు. కింద పలకరాయి మీద పడి ఆగాడు. కుడి తొడ ఉండాల్సిన తీరులో లేదు. ప్రాణం ఉంది. కళ్ళు తెరిచి ఆకాశంలోకి చూస్తున్నాడు, ఏడవడం కూడా లేదు.

గడియారం సాబు చేతులు వణకడం నేను చూశాను. అందుకు ఆయన మీద జాలి పడమంటారా? పడను. సాయంత్రానికి ఆ చేతులు వణకడం మానేసి కాగితం రాశాయి.

అతన్ని నులకమంచం మీద వేసి ఎడ్లబండిలో నల్గొండ దవాఖానకు పంపారు. రెండు దినాల దారి. నేనూ పోతానన్నాను. "నీతో పని ఉంది" అని సాబు ఆపేశాడు. పెద్ద సాబు ఆ మధ్యాహ్నమే మోటారెక్కి వెళ్ళిపోయాడు. జెండా ఎవరూ పాతలేదు.

మరునాడు పొద్దున సాబు నన్ను డేరాలోకి పిలిచి, కూర్చోమన్నాడు. అంతకుముందు ఎన్నడూ కూర్చోమనలేదు. బల్ల మీద ఉర్దూలో రాసిన బయాను ఉంది, జరిగింది ఇదీ అని నేను సాక్ష్యం చెబుతున్నట్టు. నేను రెండుసార్లు చదివాను. ఖలాసీ ఆ రోజు కల్లు తాగి ఉన్నాడనీ, తన ఇష్టంతోనే గుట్ట ఎక్కబోయాడనీ, జమేదారు వద్దని గట్టిగా వారించినా వినలేదనీ అందులో ఉంది.

ఆ చివరి మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. నేను చేయాల్సిన పనిని, చేయని పనిని, చేసినట్టు రాసిపెట్టాడు. నాకు మంచిపేరు రాసిచ్చి నా జోడీ బతుకు తీసుకున్నాడు.

"వాడు కల్లు ముట్టడు సాబ్" అన్నాను.

"అయితే నువ్వెందుకు ఆపలేదని అడుగుతారు. జమేదారువి నువ్వే కదా?" అన్నాడు. కలం నా వైపు జరిపాడు.

సంతకం పెట్టాను. చేయి పట్టుకుని ఎవరూ పెట్టించలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ఉద్యోగం పోతుందని, బిళ్ళ పోతుందని, బాపుకు ముఖం ఎలా చూపించాలని పెట్టాను.

నెలన్నర తర్వాత అతని భార్య డేరాల దగ్గరికి వచ్చింది. ఎంత దూరం నడిచిందో, పాదాలు పగిలి ఉన్నాయి. తాగి పడ్డాడని పనిలోంచి తీసేసినట్టు దవాఖానకే హుకుం పంపారట. కాలు అడ్డదిడ్డంగా అతికిందట. దొర మనుషులు అప్పుడే ఇంటికొచ్చి, నడవలేకపోతే కూర్చుని కంకర కొట్టమన్నారట.

"అన్నా, మా ఆయన కల్లు ముట్టడని నీకు తెల్వదా? గా కాగితం మీద నీ సంతకం ఉన్నదంటున్నరు. నిజమేనా?" అంది.

"సాబు పెట్టమన్నడు, పెట్టిన. అండ్ల ఏం రాసిండ్రో నాకు తెల్వదు చెల్లే" అన్నాను.

ఆమె నా తలపాగా మీది బిళ్ళ వంక కాసేపు చూసింది. తాగడానికి నీళ్ళిస్తే తీసుకోలేదు. అలాగే తిరిగి వెళ్ళిపోయింది.

గడియారం సాబుకు ఏమీ కాలేదు. పట్నంలో ఇంకా పెద్ద కుర్చీ దొరికిందని విన్నాను. కొండ ఖలాసీల తాలీం గురించి కచేరీ పత్రికలో వ్యాసం కూడా రాశాడట. అందులో పడినవాడి ఊసు లేదట. నా కోపం ఎక్కడ మొదలవుతుందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఆయన చెడ్డవాడని కాదు, తనకు తెలియనిది ఒకటి ఉందని ఒక్కరోజు కూడా అనుకోలేదని. ఆ బండ మీద ఒక్కసారైనా చేయి పెట్టి చూడలేదని. ఎక్కేవాడు ఇక చాలంటే దాన్ని బద్ధకమని పేరు పెట్టాడని.

చాచాను మళ్ళీ చూడలేదు. ఆ వానాకాలం కల్వకుర్తి దగ్గర జ్వరంతో పోయాడని చెప్పారు.

ఆ తర్వాత ఎందరో ఖలాసీలకు నేనే నేర్పాను. ముందు దిగడం, తర్వాత ఎక్కడం. ఒక దినం పని, ఒక దినం వేళ్ళకు ఆరాం. వేలు నొస్తోందని చెప్పినవాణ్ణి ఎవరూ చిన్నచూపు చూడకుండా చూసుకున్నాను. ఇద్దరు ముగ్గురు సాబులతో గొంతు చించుకుని కొట్లాడాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎవరూ పడలేదు. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికి నోరు రాదు. బండలెక్కే పిల్లలూ, మీకు నేర్పేవాడు ఎంత చదివాడో అడగకండి. మీరు వద్దంటే ఆపుతాడా, అది చూసుకోండి. ఆపకపోతే మీరే దిగి వచ్చేయండి. పక్కవాడి చేయి చెడిందని తెలిసి కూడా నోరు మూసుకుంటే, ఆ తప్పు గడియారం పట్టుకున్నవాడిది మాత్రమే కాదు.

నా జోడీని నేను మళ్ళీ చూసింది నిజాం రాజ్యం పోయిన ఏడాది. దొర గడీ విడిచి పట్నం పారిపోయాడని, ఆ ఊళ్ళో వెట్టి పోయిందని తెలిసి వెళ్ళాను. అంతకుముందు ఎందుకు వెళ్ళలేదని అడగకండి. కొత్త రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని, కుడికాలు ముందుకు చాపుకుని కంకర కొడుతున్నాడు. ఇప్పుడు దొరకు కాదు, కూలికి. ఆ వయసుకే తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"కూసో బావా" అని పట్టా జరిపాడు. పిల్లల గురించి చెప్పాడు. నా పెళ్ళి గురించి అడిగాడు. నా కడుపులో ఏముందో అతనికి తెలుసనుకుంటాను, ఆ సంగతి అతనే ఎత్తాడు.

"గప్పుడు నీ మీద మస్తు కోపం ఉండె బావా. మా ఆమె చెప్పినంక పోయింది. చదవకుంటనే సంతకం పెట్టిచ్చుకున్నరట గద నీతోని. సాబు మాట కాదంటె నీ కొలువు పోతుండె. నేనైనా గట్లనే జేస్తుంటి."

తల ఊపితే సరిపోయేది. అతను కూడా అదే కోరుకున్నాడేమో. నాకు ఆ రోజు ఊపడం చేతకాలేదు.

"చదివే పెట్టిన" అన్నాను. "రెండుసార్లు చదివిన."

సుత్తి దించాడు. రోడ్డు మీద పోతున్న బండిని దాటిపోనిచ్చాడు.

"ఏం రాసిండ్రు అండ్ల?"

చెప్పాను. కల్లు సంగతి విని తల ఊపాడు, అది అతనికి తెలిసిందే. చివరి మాట కూడా చెప్పాను. జమేదారు వద్దని వారించినా వినలేదని రాశారని.

"నువ్వు వద్దన్నవని రాసిండ్రా?"

"అవు."

అతను నా వైపు తిరిగి సూటిగా చూశాడు. కోపంగా కూడా లేడు. ఏదో లెక్క తేలనివాడిలా ఉన్నాడు.

"గా దినం ఎక్కే ముందల నీ దిక్కు చూసిన" అన్నాడు. "నువ్వు వద్దంటె నేను ఆగుతుంటి గద బావా."

సుత్తి అందుకుని మళ్ళీ కంకర కొట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు కూర్చున్నాను. నేను లేచి వస్తుంటే అతను తల ఎత్తలేదు.